ఇంగ్లీషు తరగతిలో గోల్డ్‌స్మిత్

ఒక కవి వ్రాసిన రెండు మూడు ఖండకావ్యాలు, ఒక నవల: ఇంగ్లీషు తరగతిలో విద్యార్థి సంవత్సరం పొడుగునా మోయవలసిన బరువు ఏ తరంలోనైనా సుమారుగా ఇంతే. పరీక్ష గడచిన పిమ్మట ఆ పుస్తకాలు అటకెక్కుతవి, లేదా తమ్ముడికి సంక్రమిస్తవి. అట్లు అటకమీదికి పోవలసిన పుస్తకం ఒకటి మన నవలకూ, మన నవ్యకవిత్వానికీ కూడ విత్తనమైన ఉదంతమిది. ఆ పుస్తకం ఆలివర్ గోల్డ్‌స్మిత్ రచించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'.

ఇంగ్లీషు సాహిత్యం మన దేశంలో తరగతి గదిలోనికి ప్రవేశించిన తీరే విచిత్రమైనది. మెకాలే తన నివేదికను సమర్పించినది 1835 ఫిబ్రవరి 2వ తేదీన. అందులోని అహంకార వాక్యాలు అందరూ ఎరిగినవే గనుక వాటిని ఇక్కడ తిరగదోడను. ఆ మార్చి 7న గవర్నరు జనరలు బెంటింకు దానిని ఆమోదిస్తూ ఉత్తరువు చేసినాడు. 1844లో హార్డింజి ప్రభుత్వం ఇంగ్లీషు చదివిన వారికే కొలువులలో మొదటి తాంబూలమని ప్రకటించింది. అప్పటినుండి ఇంగ్లీషు పద్యం అన్వయించగల కుర్రవాడు ఇంటిల్లిపాదికీ ఆశాదీపమైనాడు. 1857 సెప్టెంబరు 5న మద్రాసు విశ్వవిద్యాలయం చట్టబద్ధమై, మెట్రిక్యులేషను పరీక్ష మన గోదావరీ కృష్ణా తీరాల పిల్లలకు కూడ సింహద్వారమయింది.

విశేషమేమనగా, ఆ రోజులలో ఇంగ్లండులోని ప్రాచీన విద్యాపీఠాలలోనే ఇంగ్లీషు సాహిత్యానికి ప్రత్యేకమైన పీట లేదు. అక్కడ పెద్దపీట గ్రీకు, లాటిను భాషలది. లండను యూనివర్సిటీ కాలేజీలో 1828 నుండి ఇంగ్లీషు ఆచార్యుడున్న మాట నిజమే. కాని ఆక్స్‌ఫర్డులో ఆ సాహిత్యం ఆనర్సు విషయంగా ఏర్పడినది 1894లో. కేంబ్రిడ్జిలో దానికి ప్రత్యేక పరీక్ష ఏర్పడినది 1917లో. అంతకు ఎంతో ముందే మన పిల్లలు షేక్‌స్పియరును, మిల్టనును పరీక్షకు వల్లించినారు. దీనికి కారణమేమని గౌరీ విశ్వనాథన్ అనే పండితురాలు 1989లో ప్రకటించిన గ్రంథంలో విచారించినారు. దొరతనంవారి పాఠశాలలలో క్రైస్తవ మతాన్ని బోధించడానికి వీలులేక, ఆ నీతినే సాహిత్యం ద్వారా బోధింప చూచినారని ఆమె సిద్ధాంతం. అది ఎంతవరకు సర్వత్రా చెల్లునో గాని, గోల్డ్‌స్మిత్ మన పాఠ్యపుస్తకాలలో అంతకాలం నిలిచినందుకు మాత్రం చక్కని సమాధానమని నాకు తోస్తుంది. ఆయన వచనం తేట. కథ ఇంటిల్లిపాది వినదగినది. నీతి అడుగడుగునా ఉన్నది. అయినా నోటికి చేదు తగలదు.

ఇంతటి నీతిపాఠాలు వ్రాసిన మహానుభావుడు తన జీవితంలో ఒక్క పాఠాన్ని కూడ పాటించినట్లు కనబడదు. ఐర్లండులో ఒక క్రైస్తవ పురోహితుని కొడుకు. డబ్లిన్‌లో చదివినాడు, వైద్యం నేర్వబోయినాడు, ఐరోపా ఖండంలో చాలభాగం కాలినడకను తిరిగినాడు. లండను చేరి కలాన్ని నమ్ముకొన్నాడు. చేతికి వచ్చిన డబ్బు చేతిలో నిలిచేది కాదు. ఒకనాడు బాకీ పడిన అద్దెకోసం ఇంటి యజమానురాలు ఆయనను నిర్బంధింపించగా, మిత్రుడైన డాక్టరు జాన్సనుకు కబురు పంపినాడు. జాన్సను ముందుగా ఒక గినీ నాణెం పంపించి, తరువాత తాను బయలుదేరి వచ్చి చూడగా, ఆ గినీ అప్పుడే మారిపోయి, దాని స్థానంలో మడీరా మద్యం సీసా, గ్లాసు బల్లమీద ఉన్నవట! జాన్సను సీసాకు బిరడా బిగించి, 'అమ్మదగినదేమైనా ఉన్నదా' అని అడిగితే గోల్డ్‌స్మిత్ ఒక నవల వ్రాతప్రతిని చూపినాడు. జాన్సను దానిని తీసికొనిపోయి పుస్తక విక్రేతకు 60 పౌనులకు అమ్మి, అద్దె బాకీ తీర్పించినాడు. బాస్వెల్ వ్రాసిన జాన్సను చరిత్రలోని కథ ఇది. ఆ వ్రాతప్రతియే 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'. కొన్న వర్తకుడు దానిని కొన్నేండ్లు మూలను పెట్టి, 1764లో 'ట్రావెలర్' కావ్యంతో కవికి పేరు వచ్చిన తరువాత 1766లో గాని అచ్చు వేయలేదు.

ఆయన కావ్యాలలో మన విద్యార్థులకు మిక్కిలి పరిచయమైనది 1770లో వెలువడిన 'డెజర్టెడ్ విలేజ్', అనగా పాడువడిన పల్లె. గ్రామ గురువు, బడిపంతులు, సారాయి అంగడి, ఇవన్నీ ఆ కావ్యంలో చిత్తరువులవలె నిలుస్తవి. బడిపంతులు ఘట్టాన్ని మాత్రం విడదీసి చిన్న తరగతుల వాచకాలలో చేర్చినారు. ఆ పంతులు పాండిత్యానికి పల్లె జనం నోళ్లు వెళ్లబెట్టే తీరు చదివి మన పిల్లలు నవ్వుకొన్నారు. వారికి అటువంటి పంతులు కొత్తవాడు కాడు గదా. కాని కావ్యానికి గుండెకాయ మరొకచోట ఉన్నది. ధనవంతులు పల్లె భూములను ఆక్రమించి ఉద్యానాలుగా మార్చుకోగా, నిలువనీడ లేని రైతులు సముద్రాలు దాటి అమెరికా అడవులకు పోతారు. వర్తకం వల్ల పెరిగిన సంపద దేశానికి బలమనుకోవడం భ్రమ అని కవి ఆక్రోశం. వర్తకం పేరనే వచ్చి దేశాన్ని ఏలిన వారి పాఠశాలలో ఈ కావ్యమే పాఠ్యమగుట ఎంతటి వింత! ఆ వింతను తరగతిలో ఎత్తిచూపిన ఉపాధ్యాయులు అరుదుగా ఉండి ఉంటారు.

ఏలననగా తరగతిలో జరిగే పని వేరు. పద్యాన్ని వచనంగా మార్చుట, ప్రతి పదానికి వ్యాకరణం చెప్పుట, పౌరాణిక నామాలకు టిప్పణి వ్రాయుట, వీటితోనే గంట గడిచేది. 'కీ' అనే చిన్న పుస్తకం కొని కంఠస్థం చేసినవానికి మూలం తెరవవలసిన అగత్యమే లేదు. 1902లో భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఈ కంఠపాఠాన్ని గూర్చి విచారం వెలిబుచ్చింది. ఆ విచారం నేటికీ కాలదోషం పట్టలేదని తల్లిదండ్రులైన శ్రోతలు ఒప్పుకొందురు.

ఇట్టి తరగతి నుండి 1870 ప్రాంతాన బయటికి వచ్చినవారు రాజమహేంద్రవరపు కందుకూరి వీరేశలింగంగారు. 1848లో జన్మించి, అక్కడి దొరతనంవారి పాఠశాలలో చదివి, మెట్రిక్యులేషను కృతార్థులై ఉపాధ్యాయులైనారు. తరగతిలో ఇంగ్లీషు కవులను చదివి పరీక్ష కాగానే మరచినవారు వేలకొలది. పంతులుగారు మరచిపోలేదు, ఇంటికి తెచ్చి తెలుగు చేసినారు. గోల్డ్‌స్మిత్ 'ట్రావెలర్' వారి చేతిలో 'పథిక విలాస'మయింది. కూపర్ వ్రాసిన 'జాన్ గిల్పిన్' హాస్యకథ కూడ పద్యాలలోనికి దిగింది. ఇవి అనువాదాలు. నవల విషయంలో వారు చేసినది అనువాదం కాదు.

1878లో తమ 'వివేకవర్ధని' పత్రికలో వీరేశలింగంగారు 'రాజశేఖర చరిత్రము'ను ప్రకటింప మొదలుపెట్టినారు. 1880లో అది పుస్తకరూపం ధరించింది. 1872లోనే నరహరి గోపాలకృష్ణమసెట్టిగారి 'శ్రీరంగరాజ చరిత్రము' వచ్చినది గనుక తొలి నవల ఏదన్న వాదం ఒకటి ఉన్నది. దానిని పండితులకు విడిచిపెట్టి, కథలోనికి పోదాం.

వేక్‌ఫీల్డు గురువు ప్రింరోజు సాధువు, లోకజ్ఞానం తక్కువ. సొమ్ము దాచిన వర్తకుడు దివాలా తీయగా పేదవాడై సంసారంతో ఊరు విడుస్తాడు. కుమార్తె దుష్టుని పాలబడుతుంది. చనిపోయినదనుకొన్న ఆమె బ్రతికి వస్తుంది. తాను అప్పుల కింద చెరసాల చేరుతాడు. దరిద్రునివలె వారింటికి వచ్చిపోతున్న బర్చెల్ నిజానికి ఆ సీమ ప్రభువే అని చివర తేలి, కష్టాలు గట్టెక్కుతవి. ఇక ధవళేశ్వరం రాజశేఖరుడు కూడ సాధువే, ఐశ్వర్యం పోగొట్టుకొన్నవాడే. ఆలుబిడ్డలతో ఊరు విడిచి కాశీయాత్రకు బయలుదేరుతాడు, చెరసాల చూస్తాడు. కుమార్తె రుక్మిణి చనిపోయినదనుకొన్న తరువాత సజీవంగా కనబడుతుంది. రామరాజు అనే పేర సామాన్యునివలె సంచరించినవాడు పెద్దాపుర ప్రభువైన కృష్ణజగపతి మహారాజని కడపట వెల్లడి అవుతుంది.

ఎముకల గూడు ఒకటే అన్నమాట దాచవలసినది కాదు. పంతులుగారూ గోల్డ్‌స్మిత్‌తో తమకు గల సంబంధాన్ని దాచలేదు. కాని రక్తమాంసాలు ఎక్కడివి? ప్రింరోజు సొమ్ము పోవడానికి కారణం నగరంలోని వర్తకుడు. రాజశేఖరుని సొమ్ము పోవడానికి కారణం ఇల్లు చేరి తిని కూర్చున్న ఇచ్చకపు బంధుమిత్రులు, బంగారం చేసిపెడతానని ఉన్న బంగారంతో ఉడాయించిన బైరాగి. ప్రింరోజు కొడుకు మోజెస్ సంతకు పోయి, గుర్రాన్ని అమ్మి, పనికిమాలిన ఆకుపచ్చ కళ్లజోళ్లు పన్నెండు డజన్లు కొనుక్కొని వచ్చినప్పుడు మనకు నవ్వు వస్తుంది. బైరాగి పుటం వేసే ఘట్టంలో నవ్వుతోపాటు చురుక్కుమంటుంది. అటువంటి పుటాలలో మాడిపోయిన కొంపలు మన గ్రామాలలో ఉండినవి. జాతకాలు, శకునాలు, భూతవైద్యం, ఆలయం చుట్టూ చేరిన సోమరుల కబుర్లు, ఇవన్నీ గోదావరి నీరు త్రాగినవి. నవల ప్రారంభమే గోదావరితో, ధవళగిరితో.

మరొక మాట కూడ చెప్పక తప్పదు. రుక్మిణి భర్త కాశీలో మరణించినాడన్న వార్తతో ఆ పిల్ల వితంతువైనట్లు కథ నడిచి, తుదకు భర్త బ్రతికి వచ్చుటతో సుఖాంతమవుతుంది. నవలాకారుడు కథలో భర్తను బ్రతికించి సమస్యను దాటవేసినాడు. సంస్కర్త మాత్రం దాటవేయలేదు. నవల పుస్తకంగా వచ్చిన మరుసటి సంవత్సరం, 1881 డిసెంబరు 11వ తేదీన, రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహాన్ని ఆయన దగ్గరుండి జరిపించినారు. కథలో చాలని ధైర్యం వీధిలో ఎట్లు చాలినదో ఆలోచింపదగిన విషయం.

ఆనాటి పండితులకు ఈ గ్రంథం అంతగా నచ్చలేదు. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు 'వివేకచంద్రికా విమర్శనము' అనే పేర దీర్ఘమైన విమర్శ వ్రాసి, ఇది వేక్‌ఫీల్డు గురువు కథకు అనుకరణమని దోషం చూపినారు. వివేకచంద్రిక అనునది రాజశేఖర చరిత్రకు నామాంతరం. శాస్త్రిగారు సామాన్యులు కారు. పంతులుగారి సంస్కారోద్యమానికి గట్టి ప్రతిపక్షి, పోలికలను పట్టుకొన్న కన్ను నిశితమైనది. అయితే అనుకరణమని నిరూపించినంతమాత్రాన గ్రంథానికి విలువ తగ్గునా అన్న ప్రశ్న ఆ విమర్శతో తీరలేదు. వ్యాసభారతంలోని కథను గ్రహించినందుకు నన్నయగారిని ఎవరూ తప్పుపట్టలేదు గదా! సంస్కృతం నుండి తెచ్చుకొంటే సంప్రదాయం, ఇంగ్లీషు నుండి తెచ్చుకొంటే దొంగతనం అనడం న్యాయం కాదని నా అభిప్రాయం. తమాషా ఏమనగా, వీరేశలింగంగారు తమ గ్రంథాన్ని వచన ప్రబంధమన్నారు. 'నవల' అనే మాటను మనకు ప్రసాదించినవారు దానిని ఖండించిన బ్రహ్మయ్యశాస్త్రిగారే.

1887లో ఈ నవలను జె. రాబర్టు హచిన్సన్ ఇంగ్లీషులోనికి మార్చి 'ఫార్చ్యూన్స్ వీల్' అనే పేర లండనులో ప్రకటించినాడు. 'వికార్' అచ్చయిన 121 సంవత్సరాలకు, అద్దె బాకీ కోసం 60 పౌనులకు అమ్ముడుపోయిన ఆ కథ ధోవతి కట్టుకొని మళ్లీ లండను వీధులకు చేరింది.

కథ ఇంతటితో ముగియలేదు. 'వికార్' నవల ఎనిమిదవ ప్రకరణంలో బర్చెల్ ఒక గేయకథ చదివి వినిపిస్తాడు. దాని పేరు 'హెర్మిట్', ముని. అడవిలో దారితప్పిన బాటసారికి ఒక ముని తన కుటీరంలో ఆశ్రయమిస్తాడు. బాటసారి నిజానికి పురుషవేషంలోనున్న యువతి. తాను గర్వంతో తిరస్కరించిన ప్రియుణ్ణి తలచుకొని, పశ్చాత్తాపంతో తిరుగుతున్నది. ముని ఆ ప్రియుడే. నవలలో ఇది విరామం కోసం చెప్పిన చిన్న కథ. పరీక్షార్థి తొందరగా పుటలు తిప్పివేసే చోటు. కాని గుంటూరు మండలంలో 1892లో పుట్టిన రాయప్రోలు సుబ్బారావుగారు అక్కడ ఆగినారు. 1909లో, పదునేడేండ్ల ప్రాయంలో, ఆ గేయకథను ఆధారం చేసికొని 'లలిత' అనే ఖండకావ్యం వెలువరించినారు. టెన్నిసన్ 'డోరా' నుండి 'అనుమతి' కూడ అట్లే పుట్టింది. అష్టాదశ వర్ణనలు, అవధాన చమత్కారాలు తప్ప అన్యం కవిత్వం కాదనుకొనే రోజులవి. ఇద్దరు మనుషులు, ఒక కుటీరం, ఒక రహస్యం, ఇంతమాత్రం చాలునని చూపిన ఆ చిన్న కావ్యంతో మన నవ్యకవిత్వం మొదలైనదని లెక్కకట్టేవారు ఉన్నారు. సరిగా ఆ ఏటినుండియే లెక్కించాలా అన్నది నాకు ముఖ్యం కాదు. ఆ కుర్రవాడు పుట తిప్పకుండ ఆగినాడే, అది ముఖ్యం.

రాయప్రోలువారు పిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులై, తరతరాల విద్యార్థులకు పాఠాలు చెప్పి, 1984లో దివంగతులైనారు. 'రాజశేఖర చరిత్రము' కూడ కాలక్రమాన తెలుగు తరగతులలో పాఠ్యగ్రంథమయింది. దానికీ టిప్పణులు వచ్చినవి, ప్రశ్నలూ జవాబులూ గల చిన్న పుస్తకాలు వచ్చినవి. రాజశేఖర చరిత్రము స్వతంత్ర రచనయా, అనుకరణమా, చర్చింపుడు అని పరీక్షకులు అడుగుతూనే ఉన్నారు. జవాబు వ్రాసే విద్యార్థులలో ఎందరు గోల్డ్‌స్మిత్ నవలను తెరచి చూచి వ్రాస్తారో వారి ఉపాధ్యాయులే చెప్పాలి.