అయిదు వాట్ల కబుర్లు

హామ్ రేడియోలో అయిదు వాట్లు దాటకుండా పనిచేయడాన్ని క్యూఆర్‌పీ అంటాం. దేవుడి గదిలో పెట్టుకునే చిన్న ఎల్‌ఈడీ బల్బుకు సరిపోయే కరెంటు అది. అంతటితో ఖండాలు దాటాలంటే ఒకప్పుడు మోర్సే గతి. రేడియో టెలిటైప్ ఉండేది గానీ, దాని సిగ్నల్ వెడల్పెక్కువ. చిన్న పవర్ అందులో పలచబడిపోయేది.

ఇంగ్లండ్ హామ్ పీటర్ మార్టినెజ్ 1998లో పీఎస్‌కే31 తెచ్చాక టైపు చేసే కబుర్లకూ చిన్న పవర్ చాలింది. పోలండ్ హామ్ పవెల్ యలోహా ఆలోచనే దానికి మూలం. సెకనుకు 31.25 బిట్లు, అంటే మనిషి టైపు కొట్టే వేగం. కబుర్లకు అంతకు మించి అక్కర్లేదన్నది మార్టినెజ్ లెక్క. ఇంట్లో కంప్యూటర్ సౌండ్‌కార్డే మోడెమ్. 14.070 మెగాహెర్ట్జ్ మీద, సిగ్నళ్లను తెరపై చూపే వాటర్‌ఫాల్ తెరిస్తే సన్నటి గీతలు పక్కపక్కనే దిగుతుండేవి, ఒక్కో గీతా ఒక సంభాషణ.

నన్ను కట్టిపడేసింది మాత్రం వేరికోడ్. ఎక్కువగా వాడే అక్షరాలకు తక్కువ బిట్లు: స్మాల్ ‘ఇ’కి రెండు, స్మాల్ ‘టి’కి మూడు. క్యాపిటల్ ‘టి’కి ఏడు! అందుకే చేయి తిరిగిన హామ్‌లు అన్నీ స్మాల్ లెటర్సే కొట్టేవారు. నేను విజయవాడ నుంచి, అమెరికాలో ఉన్న ఓ తెలుగు హామ్‌తో ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగే కొట్టేవాణ్ని. ట, ణ, ళ రాయాలంటే క్యాపిటల్సే దిక్కు. ‘పెసరట్టు’లో రెండు ‘టి’లకే పద్నాలుగు బిట్లు. అక్షరం చివర వచ్చే రెండేసి సున్నాలు కలిపితే పద్దెనిమిది, అర సెకను పైమాటే. సిగ్నల్ తగ్గుతోందంటే ఆయన క్యాపిటల్స్ మానేసేవారు. ‘ట్టు’ పోయి ‘త్తు’ వచ్చేది. అయినా ఆ పూట వాళ్లింట్లో టిఫినేమిటో తెలిసిపోయేది.

జో టేలర్ దారి వేరు. 1974లో రసెల్ హల్స్‌తో కలిసి జంట పల్సార్‌ను కనిపెట్టి, 1993లో నోబెల్ అందుకున్న ఈ భౌతిక శాస్త్రవేత్త కుర్రతనం నుంచే హామ్. గోలలో పూడిపోయిన సిగ్నల్‌ను బయటికి లాగడం ఆయనకు వృత్తి కూడా. అలాంటి బలహీన సిగ్నళ్ల కోసమే 2008లో విస్పర్, 2017లో స్టీవ్ ఫ్రాంకితో కలిసి ఎఫ్‌టీ8 తెచ్చారు. ఎఫ్‌టీ8లో పదిహేను సెకన్లకొక వంతు, వంతుకు 77 బిట్లు. కాల్‌సైన్, ఉన్న చోటు తెలిపే గ్రిడ్ కోడ్, సిగ్నల్ బలం ఏ వరసలో వస్తాయో ముందే ఖాయం. దానికి తోడు తప్పులు దిద్దుకునే కోడింగ్ గట్టిది. అందువల్ల గోలలో నూరో వంతు బలం లేని సిగ్నల్ కూడా చదవగలం. గడియారం మాత్రం సెకను తేడా లేకుండా నడవాలి.

బాల్కనీలో తీగ కట్టుకునే అపార్ట్‌మెంట్ హామ్‌లకు ఇది వరమే, కాదనను. అయితే ఎఫ్‌టీ8 నడిచే 14.074 కిక్కిరిసిపోయిన కొద్దీ 14.070 పలచబడింది. మా గ్రిడ్ ఎన్‌కే06 అని క్షణాల్లో చెప్పగలను. సొంత మాటకు మాత్రం పదమూడు అక్షరాలే జాగా. ఇంట్లో అందరూ కులాసాయేనా అని అడగడానికి అది చాలదు. ఇన్ని దేశాలు దొరికినా నాకు ఈ లోటు తీరలేదు.

నాలాగే అనుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. 2018లో జోర్డన్ షెరర్ ఎఫ్‌టీ8 పునాది మీదే, టైపు చేసి మాట్లాడుకునే జేఎస్8కాల్ తయారుచేశాడు. రాత్రిళ్లు 7.078 మెగాహెర్ట్జ్ మీద, అయిదు వాట్లతో, నేను అక్కడే పిలుస్తుంటాను. తెలుగు హామ్‌లు రండి, తీరిగ్గా మాట్లాడుకుందాం.