పాత యింటికి క్రొత్త కట్టడము: కడప బ్రౌను బంగళా

పెద్దలు వసించిన యింటికి క్రొత్త కట్టడమును జేర్చుట యెట్లు? ఈ ప్రశ్నకు మన పొరుగు జిల్లాయగు కడపలో నొక సమాధానము దొరకును.

చార్లెసు ఫిలిప్ బ్రౌను 1820లో ఉద్యోగియై కడపకు వచ్చెను. పిదప నచట నొక బంగళా కొని, దానిని విద్యాశాలగా మార్చెను. పండితులకును లేఖకులకును సొంత సొమ్ముతో జీతము లిచ్చి, తాళపత్ర ప్రతులను దెప్పించి, పాఠములను సరిపోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఈ పనికి అయోధ్యాపురము కృష్ణారెడ్డి పర్యవేక్షకుడు. కదిరి ప్రాంతమందలి కటారుపల్లెలో సమాధి గలదని ప్రసిద్ధినొందిన మన వేమన పద్యములను ఆంగ్లానువాదముతో 1829లో అచ్చువేయించినవాడు నీ బ్రౌనే.

ఆయన 1884లో లండనులో మరణించెను. ఆలనాపాలనా లేక కడప బంగళా శిథిలమయ్యెను. దాని స్థలమును విద్యకే దక్కింపవలెనని పూనుకొన్నవారు జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు. వారి జన్మస్థలము మన రాయదుర్గము. ఊరూర విరాళములు గూర్చిన ఫలితముగా 1987లో శంకుస్థాపన జరిగెను. 1995లో బ్రౌను స్మారక గ్రంథాలయము తెరువబడెను. 2006లో నది యోగి వేమన విశ్వవిద్యాలయమునకు జేరినది. గోడలు పోయినను, ఆ యిల్లు చేసిన పని మాత్రము నిలిచినది.

అయినను, ఇల్లు కూలకమునుపే మేల్కొని యున్నచో, దాని ప్రక్కను నాలుగు గదులు చేర్చిన జాలియుండెడిది గదా! మన కరవుసీమలో వానలు తక్కువ. కాని పట్టించుకొనని మిద్దెను కూల్చుటకు నొక్క జడివాన చాలును. ఏటేట మిద్దెపై చవుడు పోయించుట, దూలములకు చెదలు పట్టకుండ జూచుట, గొట్టపుదోనెల నీరు గోడ మొదట నిలువకుండ జేయుట మొదటి పని. మట్టిగోడలపై సిమెంటు కప్పు బరువు మోపరాదు. క్రొత్త గదిని దాని పునాదిపైననే వేరుగా లేపవలెను. పాతగోడ పాతదిగను, క్రొత్తది క్రొత్తదిగను గనబడుటలో సిగ్గులేదు.

గ్రంథాలయమునకు గదులు పెరుగుట సంతోషమే. ఇరువదియైదేండ్లు పుస్తకములను గాపాడిన వారికి పాతగోడల విలువ వేరుగా జెప్పనక్కరలేదు. పుస్తకము చినిగిన నతికింతుము గాని పారవేయము గదా. ఇంటి విషయమునను నదియే ధర్మము.