ఇద్దరు మనుషులు: ఏకాకులు

‘ఇద్దరు మనుషులు: ఏకాకులు’ నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ (1863–1944) 1899లో చెక్కిన రంగుల కొయ్య అచ్చు చిత్రం. సముద్రపు ఒడ్డున ఒక స్త్రీ, ఒక పురుషుడు మనకు వీపు పెట్టి నీటివైపు చూస్తూ నిలబడి ఉంటారు. తెల్లని దుస్తుల్లో స్త్రీ ఎడమ పక్కన, ముదురు దుస్తుల్లో పురుషుడు కుడి పక్కన, ఆమెకు కాస్త వెనగ్గా. వారి నడుమ మిగిలిన కొద్దిపాటి ఖాళీలోనే చిత్రం బలమంతా ఉంది. ముఖాలు చూపకుండా ఒంటరితనాన్ని ఇంత తీవ్రంగా చెప్పిన అచ్చు చిత్రాలు అరుదు.

ఈ ఇతివృత్తాన్ని మంక్ మొదట 1892లో తైలవర్ణాల్లో వేశాడు. ఆ చిత్రం 1901లో ఓడలో జరిగిన పేలుడులో నాశనమైంది. 1894లో ఇదే దృశ్యాన్ని లోహపు రేకు మీద సూదితో గీసి నలుపులో అచ్చు వేశాడు. 1896లో పారిస్ చేరాక కొయ్య చెక్కడం మొదలుపెట్టాడు. జపాన్ అచ్చు చిత్రాలకు ఆ నగరంలో అప్పుడు మంచి ఆదరణ ఉండేది. ఫ్రెంచ్ చిత్రకారుడు గొగాఁ మోటుగా చెక్కిన కొయ్య అచ్చులు కూడా ఆయనకు కొత్తదారి చూపాయి.

రంగుల అచ్చుకు మామూలుగా ఒక్కో రంగుకు ఒక్కో దిమ్మ కావాలి. కాగితాన్ని ప్రతిసారీ అణువంతైనా జరగకుండా అమర్చాలి. మంక్ ఈ శ్రమను తప్పించే ఉపాయం కనిపెట్టాడు. ఒకే చెక్కను సన్నని రంపంతో ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కకు విడిగా రంగు పూసి, తిరిగి కలిపి ఒక్క ఒత్తుతో అచ్చు తీసేవాడు. ఈ చిత్రంలో సముద్రం ఒక ముక్క, స్త్రీ ఒక ముక్క. పురుషుడు మాత్రం ఒడ్డుతో కలిసే ఉండిపోయాడు. అందువల్ల కోత పడినచోట స్త్రీ చుట్టూ సన్నని తెల్లగీత మిగులుతుంది. పక్కనే ఉన్నా ఆమె వేరుగా ఉందన్న భావం చెక్క కోతలోనే కుదిరిపోయింది. పనితనం, అర్థం ఇంతగా కలిసిపోవడమే ఈ చిత్రం గొప్పతనం. చెక్క నారగీతలను మంక్ చెరిపేయలేదు. అవే నీటిమీద, ఇసుకమీద కదలికలా కనిపిస్తాయి.

రంగులు మార్చి మార్చి ఆయన దశాబ్దాలపాటు దీన్ని అచ్చు వేస్తూ వచ్చాడు. ఒక ప్రతిలో సముద్రం ముదురు నీలం, మరోదానిలో లేతాకుపచ్చ. కొన్నిటిలో చంద్రుడు, నీటిమీద వెన్నెల చార అదనంగా చేరాయి. కనుక ఏ ఒక్క ప్రతినీ అసలుదని వేరుచేసి చెప్పడం సరికాదు. ఇదే దృశ్యాన్ని 1906–08 మధ్య, మళ్లీ 1930లలో తైలవర్ణాల్లో వేశాడు.

1905లో డ్రెస్డెన్‌లో ‘బ్రూకె’ బృందంగా ఏర్పడిన కిర్ష్‌నర్, హెకెల్ వంటి జర్మన్ ఎక్స్‌ప్రెషనిస్టులు కొయ్య అచ్చును తమ ప్రధాన సాధనం చేసుకున్నారు. రంపంతో కోసిన దిమ్మతో రంగులద్దే పద్ధతి వారి చేతుల్లోనూ కనిపిస్తుంది. అదే జర్మనీలో 1937లో నాజీ ప్రభుత్వం మంక్ కళను పతనమైనదిగా ముద్రవేసి, జర్మన్ మ్యూజియంల నుంచి ఆయన కృతులు 82 తొలగించింది.

మంక్ తన దగ్గరున్న చిత్రాలను, అచ్చులను ఓస్లో నగరానికి రాసి ఇచ్చాడు. వాటికోసం కట్టిన మ్యూజియం 1963లో మొదలైంది. 2021లో ఓడరేవు పక్కన కట్టిన కొత్త భవనంలోకి మారింది.