బొంకులదిబ్బ మీద తెర లేస్తే

విజయనగరంవాళ్లకి గురజాడ నాటకం కన్యాశుల్కం చూడటంలో ఓ అదనపు సుఖం ఉంది. తెర లేవగానే గిరీశం నిలబడి ఉండేది మా బొంకులదిబ్బ మీద. బొంకు అంటే అబద్ధం. ఆ కోతలరాయుడికి అంతకన్నా తగిన చోటు ఈ భూమ్మీద ఉండదు.

ఆమధ్య ఓ సాయంత్రం చిన్ననాటి నేస్తాన్ని ఆనంద గజపతి ఆడిటోరియానికి లాక్కెళ్లాను. చదువయ్యాక ఊరొదిలి వెళ్లినవాడు. వాడికి తెలిసిన కన్యాశుల్కం 1955 నాటి సినిమా: ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి. "నిద్దరొస్తే లేపకు గురూ" అని ముందే చెప్పి కూర్చున్నాడు.

నిద్రపోనిస్తేగా! పూటకూళ్లమ్మ సామాన్లకిచ్చిన ఇరవై రూపాయలు గిరీశం వేశ్య మధురవాణికి తగలేశాడు. పూటకూళ్లమ్మ చీపురుతో వెతుక్కుంటూ మధురవాణి ఇంటికి వచ్చింది. మంచం కింద అప్పటికే రామప్పపంతులు దాక్కుని ఉన్నాడు, గిరీశం కూడా అక్కడికే దూరాడు. చీపురు పడ్డది పంతులి మీద. మంచం కిందనుంచి ముందు ఊడిన తలపాగా, దాని వెనకాల పంతులూ పాక్కుంటూ వచ్చేసరికి మావాడు ముందు కుర్చీ పట్టుకుని నవ్వాడు.

ఈ నాటకం తొలిసారి ఆడింది మా ఊళ్లోనే. 1892 ఆగస్టు 13న జగన్నాథ విలాసినీ సభవారు వేశారు. 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని ఆనంద గజపతి మహారాజుకు అంకితమిచ్చారు. 1909లో మళ్లీ రాసి, అయిదంకాల నాటకాన్ని ఏడంకాలు చేశారు. ఆ ఏడూ ఆడితే తెల్లారిపోతుంది. అందుకే ఏ నాటక సమాజం కత్తెర ఆ సమాజానిదే. మంచం సీను మాత్రం ఎవరూ వదలరు. ఇక్కడ పెరిగిన జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి సోదరులు రామప్పపంతులుగా, గిరీశంగా ఎన్నో ఊళ్లు తిరిగారు. రమణమూర్తి దశాబ్దాల పాటు గిరీశంగానే బతికారు.

విరామంలో టీ తాగుతూ నేస్తం అడిగాడు: "నిజంగా ఈ నాటకంలోలా డబ్బు పుచ్చుకుని పిల్లల్ని పెళ్లికి అమ్మేవోరేటి? నవ్వుకోడానికి కల్పించినదేమో!"

మొదటి ముద్రణకు గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠిక సంగతి చెప్పాను. అప్పటికి సుమారు పదేళ్ల కిందట మహారాజు ఓ జాబితా రాయించారు. మా ఊరప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండేది, విజయనగరం జిల్లా అయింది 1979లో. ఆ విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు 1034. పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ పసిగుడ్ల ధర తలకు 350 నుంచి 400 రూపాయలు.

మావాడి చేతిలో టీ చల్లారిపోయింది. "మూడేళ్లా?" అన్నాడు. వాడి మనవరాలికి మూడేళ్లు.

తరవాత కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కట్టి ముసలి లుబ్ధావధాన్లుకు పెళ్లికూతురిగా అమ్మజూపే సీను వచ్చింది. బేరం ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే హాలంతా గొల్లుమంది. పక్కన మావాడు కిక్కురుమనలేదు. నాకూ నవ్వు రాలేదు. పాతికసార్లు చూసిన నాటకం అది.

గురజాడ నవ్వించినది ఊరికే కాదు. జాబితా చదివితే మనిషి తల తిప్పుకుంటాడు. అదే బేరం రంగస్థలం మీద జరిగితే టిక్కెట్టు కొనుక్కుని మరీ చూస్తాడు. మేం మాత్రం నవ్వు ఉంచుకుని జాబితా పారేసుకున్నాం. గిరీశం మాటలు ఊరందరికీ నోటికొచ్చు, ఆ 1034 పెళ్లిళ్ల సంగతి చెప్పగలిగినవాళ్లు నాకు నలుగురు కూడా తగల్లేదు.

కన్యాశుల్కం వేసే సమాజాలకు ఈ ఊరివాడిగా ఒక మనవి. ఎంతైనా కత్తిరించుకోండి. తెర లేచేముందు ఆ అంకెలు మాత్రం ఒకసారి పైకి చదవండి. నిమిషం కూడా పట్టదు.