వేలమునఁ గొన్న క్రీడావీరులు

పరదేశపు ఆటగానిని మన జట్టులోనికిఁ దెచ్చుకొనుట నేఁటి వింతయని పలువురు తలంతురు. అట్లు కాదు. 1930వ సంవత్సరమున రావలసిన ఆంగ్లేయుల క్రికెట్టు యాత్ర నిలిచిపోఁగా, విజయనగర రాజకుమారులు విజయానంద గజపతిరాజుగారు తామే యొక జట్టును గూర్చి, హాబ్స్, సట్‌క్లిఫ్ అను ప్రసిద్ధులను రప్పించి, భారతదేశమునందును సింహళమునందును ఆడించిరి. ఆ ప్రభువుల యాటకంటె ఆతిథ్యమే మిన్నయన్నచో అపచారము కాదనుకొందును.

నాఁటి పద్ధతి ఆహ్వానము. నేఁటి పద్ధతి వేలము. హాకీయే యిందుకు నిదర్శనము. 2005లో ప్రథమ ప్రీమియర్ హాకీ లీగు హైదరాబాదులోనే జరిగెను. హైదరాబాదు సుల్తానులే గెలిచిరి. అది 2008తో ముగిసెను. 2013లో పుట్టిన హాకీ ఇండియా లీగు 2017 వఱకు నడచి, ఆగి, 2024 డిసెంబరున మరల మొదలయ్యెను. అందులకై అక్టోబరున ఢిల్లీలో వేలము జరిగెను. పురుషుల జట్టొక్కొక్కటి 4 కోట్ల రూపాయలకు లోఁబడి 24 మందిని గొనవలసియుండెను; అందు 8 మంది విదేశీయులు, 16 మంది స్వదేశీయులు. ఈ స్వదేశీయులలో నలుగురైనను జూనియర్లు కావలసియుండెను.

హైదరాబాదు తూఫాన్సు జట్టు గొంజాలో పెయిలాట్ అను వానిని 68 లక్షలకుఁ గొనెను. ఈతని చరిత్ర వినఁదగినది. అర్జెంటీనాలోఁ బుట్టినవాఁడు. 2016 రియో ఒలింపిక్సు సెమీఫైనలున జర్మనీపైననే మూఁడు గోలులు చేసెను. ఆ యేఁటి స్వర్ణపతకము అర్జెంటీనాదే. పిదప జర్మనీ పౌరుఁడై, 2022 మొదలు ఆ దేశము పక్షముననే ఆడసాగెను. 2023లో భువనేశ్వరమున జర్మనీ ప్రపంచకప్పు గెలిచినపుడు ఆ జట్టులో నుండెను. పెనాల్టీ కార్నరును గోలుగా మార్చుట యీతని విద్య. ఈతనిఁ బెంచినది అర్జెంటీనా. సిద్ధఫలమును గొన్నది మనము. తూఫాన్సు 2025 ఫిబ్రవరిలో ఫైనలు వఱకుఁ బోయి, 4–3తో బెంగాలు జట్టుచేత నోడెను.

వేలము తయారైన వానిఁ గొనునే కాని బాలునిఁ దయారు చేయదు. కావున నాకు ఆ నలుగురు జూనియర్ల నిబంధనయే ముఖ్యముగాఁ దోఁచుచున్నది. ప్రపంచవిజేత ప్రక్కన నిలిచి సాధన చేయుట పుస్తకమునఁ జదివిన లభించునా? అయితే యా జూనియర్లు ఏ యూరివారు? ఒడిస్సాలోని సుందర్‌గఢ్ సీమ, పంజాబు, హర్యానా వంటి చోట్ల పల్లెలలో హాకీ పాఁతుకొనియున్నది. మా దర్శి ప్రాంతమున బాలునికిఁ దెలిసినవి చెడుగుడు, క్రికెట్టు.

1976 మాంట్రియల్ ఒలింపిక్సు మొదలుకొని ఈ యాట కృత్రిమపుఁ బచ్చికపైఁ బడినది. పెద్ద పోటీలలో ఆటకు ముందు మైదానమును నీటితోఁ దడుపుదురు. త్రాగునీటికై బిందెలు వరుసఁ బెట్టు మెట్టసీమవారు ఈ మాట విని నవ్వుకొందురు. కాని అంతటి మైదానము మొదటి మెట్టునఁ గావలసినది కాదు. పదేండ్ల బాలునికి మట్టినేల, కఱ్ఱ, చెండు, నేర్పువాఁడు చాలును; పచ్చిక పిదప. పూర్వపు చిత్తూరు జిల్లా పల్లెనుండి వచ్చిన ఎతిమరపు రజని భారత మహిళాజట్టునకు గోల్‌కీపరై నిలిచినది.