లేపాక్షి విరూపన్న గాథ - ద్రవ్యశుద్ధి విచారము

హిందూపురమునకుఁ దూర్పున లేపాక్షి వీరభద్రాలయము కలదు. అచ్యుతదేవరాయల కాలమున (1529-1542) పెనుకొండ సీమయం దధికారియగు విరూపన్నయు, సోదరుఁడు వీరన్నయు దీనిని గట్టించిరి. రాజాజ్ఞ లేకయే విరూపన్న బొక్కసపు ధనమును దీనికై వెచ్చించెననియు, రాజు కన్నులు పెఱికింప నాజ్ఞాపింపఁగా నతఁడే వానిని బెఱికి గోడకు విసరెననియు జనశ్రుతి. గోడమీఁది యెఱ్ఱని మచ్చలను, ముగియని కల్యాణమంటపమును సాక్ష్యముగాఁ జూపుదురు.

ఇది చరిత్ర యనుటకు వలనుపడదు. ఆ కాలపు శాసనములు దానములనే చెప్పును. మంటపము నిలిచిపోవుటకు వేఱు కారణములును గలుగవచ్చును. లేపాక్షి యను పేరునే యంధత్వమునుండి పుట్టించువారు కలరు. లిప్ ధాతువునకుఁ బూయుట యర్థము గాని పెఱుకుట గాదు. బహువ్రీహియం దక్షిశబ్దముపై షచ్ప్రత్యయము, షిత్త్వముచే ఙీష్ వచ్చి 'పూఁతగల కన్నులది' యను నర్థమే సిద్ధించును. రాముఁడు జటాయువును 'లే పక్షీ' యనెనను వ్యుత్పత్తి మఱియు వింత; త్రేతాయుగముననే తెలుఁగు క్రియ పుట్టవలసి వచ్చును!

అయినను గాథ నిరర్థకము గాదు. దానమునకు ద్రవ్యశుద్ధి ప్రధానమని ధర్మశాస్త్రము. న్యాయముగా ధనమార్జించుటను యాజ్ఞవల్క్యుఁడు ముక్తికి దగిన గృహస్థుని లక్షణములలోఁ జేర్చెను. బొక్కస మన్ననో ప్రజలు చెల్లించిన పన్ను. దానిచే ననుమతి లేక కట్టిన గుడికిఁ బుణ్య మెవరిది? శిల్పసౌందర్య మా దోషమును గప్పునా? గాథ యీ చిక్కును దాఁటవేయలేదు. విరూపన్నను దొంగగాఁ జేయలేదు, దండనమును దప్పింపనులేదు. స్వతంత్రుఁడే కర్త యని వైయాకరణులు. తన కన్నులను దానే పెఱికికొని యతఁడు శిక్షకుఁ దానే కర్త యయ్యెను. చిత్రములను జూచి యానందించిన యింద్రియమే శిక్షకు గుఱియగుట గమనింపఁదగినది.

ఆలయపుఁ గప్పునఁ బార్వతీకల్యాణము, కిరాతార్జునీయములతోఁబాటు మనునీతిచోళుని కథయుఁ గలదు. రథచక్రము క్రింద లేఁగను జంపిన కుమారునికిఁ బ్రభువు తానే దండనము విధించిన కథ యది. దానిక్రింద నిలిచిన జనులు కట్టించినవానికిని ఆ తూనికనే వర్తింపఁజేసిరేమో. ధన మెవరిదైనను, దానిచే వ్రాయించిన చిత్రములు గుడిలోనే నిలువలేదు. అందలి వస్త్రముల యంచులఁ బోలిన యంచులు ధర్మవరపుఁ బట్టుచీరలలో నేఁటికిని నేయఁబడుచున్నవి.