నలుపు పక్కన నలుపు

పాత కంప్యూటరుకు కొత్త పవర్ సప్లై కొనదలచిన మిత్రులు నన్ను మొదట అడిగేది వాట్ల గురించే. ఎక్కువ వాట్లది పెడితే మదర్‌బోర్డు కాలిపోతుందేమోనని వారి భయం. నిజానికి బోర్డు తనకు కావలసినంత విద్యుత్తునే తీసుకుంటుంది. అది కాలేది ఒక తీగలో రావలసిన వోల్టులు మరో తీగలో వచ్చినప్పుడు. ఈ ప్రమాదానికి నాలుగు దశాబ్దాల చరిత్ర ఉంది.

1981 నాటి ఐబీఎం పీసీలో పవర్ సప్లై సామర్థ్యం 63.5 వాట్లు. 1984లో వచ్చిన ఏటీలో అది 192 వాట్లయింది. ఆ యంత్రాల్లో బోర్డుకు విద్యుత్తు పి8, పి9 అనే రెండు ఆరు తీగల కనెక్టర్ల ద్వారా అందేది. రెండూ కవలపిల్లల్లా ఉండి, ఒకే వరుసలో పక్కపక్కనే అమరేవి. తారుమారుగా పెట్టినా కూర్చునేవి. అప్పుడు స్విచ్చి వేస్తే ఎర్త్ ఉండవలసిన చోట 5 వోల్టులు చేరి బోర్డు ప్రాణం తీసేవి. అందుకే మరమ్మతు చేసేవారు ఒక సూత్రం కంఠస్థం చేసేవారు: నల్లతీగలు నడుమ కలవాలి, నలుపు పక్కన నలుపు. సూత్రం మంచిదే. కాని భద్రత అంతా మనిషి జ్ఞాపకం మీదే ఆధారపడింది.

1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణం ఆ భారాన్ని తొలగించింది. రెండు కనెక్టర్ల స్థానంలో ఇరవై తీగలది ఒక్కటే వచ్చింది. అందులో కొన్ని గదులు చతురస్రాలు, కొన్నిటికి మూలలు కోసి ఉంటాయి. తిప్పి పెడితే దూరదు. నోటి సూత్రం ప్లాస్టిక్ ఆకారంలోకి మారిందన్నమాట. 2000లో పెంటియం 4 కోసం 12 వోల్టుల నాలుగు తీగల కనెక్టరు తోడయింది. 2003లో ఇరవై తీగలు ఇరవైనాలుగయ్యాయి.

అయితే ఆకారం ఇచ్చిన మాటను అందరూ నిలుపుకోలేదు. 1990ల చివరలో ఒక పెద్ద తయారీ సంస్థ అదే ఇరవై తీగల కనెక్టరును వాడుతూ లోపలి తీగల క్రమాన్ని మార్చివేసింది. బజారులో కొన్న పవర్ సప్లై ఆ బోర్డులో చక్కగా కూర్చునేది, చక్కగా కాల్చేది. పోలికలు కలిసినంత మాత్రాన చుట్టరికం కాదు కదా!

ఆ ముప్పు నేటికీ తీరలేదు. ఇప్పటి పవర్ సప్లైలలో చాలావాటికి తీగలను విడదీసే వీలుంది. బోర్డు వైపు కొసకు ప్రమాణం ఉంది. పెట్టె వైపు కొసను ఎవరికి తోచినట్టు వారు తయారుచేస్తారు. ఒక పెట్టె తీగను మరో పెట్టెకు తగిలిస్తే, రెండూ ఒకే కంపెనీవైనా సరే, హార్డ్‌డిస్కుకు 5 వోల్టులు అందవలసిన చోట 12 వోల్టులు అందవచ్చు. అందులోని మన రాతలూ ఫొటోలూ ఏమవుతాయో వేరే చెప్పాలా?

కనుక నా సలహా ఇది. పెట్టె మారిస్తే దానితో వచ్చిన తీగలే వాడండి. పాతవాటిని పాత పెట్టెతోనే కట్టి ఉంచండి. సంస్థ తయారుచేసిన యంత్రమైతే దాని తీగల పట్టికను ముందుగా సరిచూడండి. ఆపివేసిన కంప్యూటరులో కూడా ఊదారంగు తీగలో 5 వోల్టులు ఉంటాయి కాబట్టి, చేయి పెట్టేముందు గోడ ప్లగ్గు పీకండి. వాట్ల లెక్క ఆ తరువాత చూసుకోవచ్చు.